సొంత కెర్నెల్‌లో టైమర్ ఇంటరప్ట్: మొదటి టిక్ నుంచి నమ్మదగిన గడియారం దాకా

చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక గ్రానైటు స్తంభం ఉంది. 1792లో కట్టిన మద్రాసు వేధశాలకు మిగిలిన గుర్తు అది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటి. గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండే మద్రాసు సమయాన్ని అక్కడే లెక్కకట్టేవారు. 1906లో భారత ప్రామాణిక కాలం రాకముందు మన రైళ్లు ఎక్కువగా ఆ సమయాన్నే పాటించాయి. టెలిగ్రాఫ్ తీగ మీద సంకేతం అందగానే స్టేషన్లలో గడియారాలు సరిచేసుకునేవారు. సంకేతం వచ్చిందంటే గడియారం వైపు చూడాల్సిన వేళ అయిందని అర్థం, అంతే. ఇప్పటికి ఎన్ని సంకేతాలు వచ్చాయో లెక్కపెట్టి సమయం చెబుదామని కూర్చుంటే, తీగ తెగిన మొదటి రోజే లెక్క తప్పుతుంది.

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాయడం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది సరిగ్గా ఆ పనే చేస్తారు. టైమర్ ఇంటరప్ట్ అంటే నిర్ణీత వేళకు ప్రాసెసర్‌ను ఆపి తనవైపు తిప్పుకునే సంకేతం; అలా వచ్చే ఒక్కో సంకేతం ఒక టిక్. అది వచ్చిన ప్రతిసారీ ఒక అంకె పెంచి, దాన్నే గడియారం అనుకుంటారు. వేళచ్చేరిలోని మా గదిలో ఆదివారం ఉదయాల్లో కొందరు తెలుగు విద్యార్థులతో కలిసి ఒక చిన్న కెర్నెల్ రాస్తున్నాం. "అన్నా, టిక్‌లు వస్తున్నాయి కదా, ఇక టైమర్ పని అయిపోయినట్లేనా?" అని వాళ్లు అడిగే ప్రశ్నకు జవాబుగానే ఈ మార్గదర్శి రాస్తున్నాను. మొదటి టిక్ తెప్పించడం ఒక సాయంత్రం పని. ఆ టిక్ మీద ఆధారపడేలా మిగతా కెర్నెల్‌ను నిలబెట్టడానికే ఎక్కువ శ్రద్ధ కావాలి.

ఏ యంత్రం మీద?

రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ నిర్మాణాన్ని ఎంచుకున్నాను. మా గదికి దగ్గరలోనే ఉన్న ఐఐటీ మద్రాసులో 2014లో మొదలైన శక్తి ప్రాసెసర్లు ఈ నిర్మాణం మీదే తయారయ్యాయి. రేపు బోర్డు చేతికొస్తే ఇదే కోడును స్వల్ప మార్పులతో నడపవచ్చు. అంతకంటే ముఖ్యమైన కారణం, దీని టైమర్ చాలా సరళమైనది. ఒక కౌంటరు, దానితో పోల్చే ఒక రిజిస్టరు (హార్డ్‌వేర్‌లో విలువను ఉంచే చిన్న గడి). నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

ప్రస్తుతానికి క్యూఎమ్యూ (మరో యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము) ఇచ్చే 'వర్ట్' యంత్రం చాలు. బయోస్ ఐచ్ఛికానికి 'నన్' అని ఇస్తే మీ కోడు నేరుగా మెషీన్ మోడ్‌లో (ప్రాసెసర్ మీద పూర్తి అధికారం ఉండే స్థితిలో) మొదలవుతుంది. కెర్నెల్ హెక్సా (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) 80000000 చిరునామా దగ్గర కూర్చుంటుంది. రిజిస్టర్ల పేర్లను పలికే తీరులోనే రాస్తున్నాను; కోడులో వాటి అసలు స్పెల్లింగు వాడండి.

మొదటి మెట్టు: కౌంటరును చదవండి, ఇంకేమీ చేయకండి

ఎంటైమ్ అనేది 64 బిట్ల కౌంటరు. యంత్రం నడుస్తున్నంతసేపు స్థిరమైన వేగంతో పెరుగుతూనే ఉంటుంది. వర్ట్ యంత్రంలో టైమర్ భాగం హెక్సా 2000000 చిరునామా నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి హెక్సా బీఎఫ్‌ఎఫ్8 దూరంలో ఎంటైమ్ ఉంటుంది. వేగం సెకనుకు 1,00,00,000 లెక్కలు, అంటే 10 మెగాహెర్ట్జ్. ఈ వేగాన్ని కోడులో స్థిరాంకంగా పాతేయకండి. డివైస్ ట్రీలో (యంత్రంలోని భాగాలను వర్ణించే పట్టికలో) 'టైమ్‌బేస్ ఫ్రీక్వెన్సీ' అనే విలువ ఉంటుంది, దాన్ని చదివి వాడండి. బోర్డు మారితే మొదట మారేది అదే.

ఇంటరప్టుల జోలికి వెళ్లకముందే ఒక చిన్న లూపు రాసి, కౌంటరు కోటి పెరిగినప్పుడల్లా ఒక చుక్క ముద్రించండి. చేతి గడియారంతో పోల్చితే సెకనుకు ఒక చుక్క పడాలి. కౌంటరు మీద నమ్మకం కుదరకుండా ముందుకు వెళితే, తర్వాత వచ్చే ప్రతి తప్పుకూ ఇద్దరు అనుమానితులు ఉంటారు.

చదివే పాయింటరును వోలటైల్‌గా ప్రకటించడం మరిచిపోవద్దు. లేకుంటే కంపైలరు ఒకసారి చదివిన విలువనే పట్టుకుని కూర్చుంటుంది. 32 బిట్ల ప్రాసెసర్ అయితే కౌంటరును రెండు ముక్కలుగా చదవాలి: పై సగం, కింది సగం, మళ్లీ పై సగం. రెండుసార్లు చదివిన పై సగాలు వేరైతే మధ్యలో అంకె మారిందన్న మాట, మళ్లీ మొదలుపెట్టాలి.

రెండో మెట్టు: ట్రాప్ ద్వారం కట్టండి

ఇంటరప్ట్ గానీ, నడుస్తున్న సూచన వల్లే పుట్టే ఎక్సెప్షన్ గానీ వచ్చి పని మధ్యలో ఆగడాన్ని ట్రాప్ అంటారు; దాన్ని చూసుకునే కోడు హ్యాండ్లర్. ట్రాప్ వస్తే ప్రాసెసర్ ఎక్కడికి దూకాలో ఎంటివెక్ రిజిస్టరు చెబుతుంది. అందులో రాసే చిరునామా 4తో నిశ్శేషంగా భాగించబడాలి. చివరి రెండు బిట్లు చిరునామాలో భాగం కావు, అవి దూకే విధానాన్ని సూచిస్తాయి. హ్యాండ్లర్‌ను ఆ హద్దుకు అమర్చకపోతే ఆ రెండు బిట్లనూ ప్రాసెసర్ విధానంగా చదువుకుని, మీరు ఊహించని చోటికి వెళుతుంది. అసెంబ్లీలో అలైన్ నిర్దేశం ఒక్క పంక్తే, కానీ అది లేక పోయిన రాత్రులు చాలా ఉన్నాయి.

ద్వారం లోపల చేయాల్సింది: స్టాక్‌ను 256 బైట్లు కిందికి జరపాలి, 31 రిజిస్టర్లను దాచాలి, సీ భాషలో రాసిన ఫంక్షన్‌ను పిలవాలి, రిజిస్టర్లను తిరిగి నింపాలి, ఎంరెట్ అనే సూచనతో (ప్రాసెసర్‌కు ఇచ్చే ఆజ్ఞతో) వెనక్కి వెళ్లాలి. నిజానికి 31 రిజిస్టర్లకు 248 బైట్లు చాలు; స్టాక్ 16 బైట్ల హద్దు మీద ఉండాలి కనుక 256. మామూలు ఫంక్షన్ పిలుపులో కొన్ని రిజిస్టర్లను పిలిచినవాడు దాచుకుంటాడు. ఇక్కడ పిలిచినవాడే లేడు. ఏ రెండు సూచనల మధ్యనైనా ఇంటరప్ట్ దిగవచ్చు. దిగిందని తెలియకుండానే పాత కోడు కొనసాగాలి. యూజర్ మోడ్ వచ్చాక స్టాక్ పాయింటరును ఎంస్క్రాచ్‌తో మార్చుకుని కెర్నెల్ స్టాక్ మీదికి వెళ్లాలి. ఇప్పుడు అది అవసరం లేదు.

సీ ఫంక్షన్‌లో ముందుగా ట్రాప్ కారణం చెప్పే ఎంకాజ్ రిజిస్టరు చూడండి. అన్నిటికంటే పై బిట్ 1 అయితే ఇంటరప్ట్, 0 అయితే ఎక్సెప్షన్. ఇంటరప్ట్ అయి, సంఖ్య 7 అయితే అది మెషీన్ టైమర్. తెలియని సంఖ్య ఏది వచ్చినా ఎంకాజ్, ఎంఈపీసీ విలువలు ముద్రించి ఆగిపోండి. తెలియనిదాన్ని మౌనంగా దాటవేసే హ్యాండ్లర్‌ను రాయకండి.

ఇక్కడ నాకు రెండు వారాలు తినేసిన తప్పు చెబుతాను. తిరిగి వెళ్లాల్సిన చిరునామా ఎంఈపీసీలో ఉంటుంది. ఈకాల్ (కెర్నెల్ సేవను కోరే సూచన) లాంటి ఎక్సెప్షన్ తర్వాత దానికి 4 కలపాలి, లేదంటే అదే ఈకాల్ మళ్లీ నడుస్తుంది. నేను ఆ కూడికను అన్ని ట్రాపులకూ ఉమ్మడిగా ఉన్న చోట రాశాను. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఎంఈపీసీలో ఉండేది ఇంకా నడవని సూచన. దానికి 4 కలిపితే ఆ సూచన ఎప్పటికీ నడవదు. సెకనుకు వందసార్లు, ఎక్కడో ఒక చోట, ఒక సూచన మాయమవుతోంది. కెర్నెల్ పడిపోలేదు. కొన్ని లెక్కలు మాత్రం అప్పుడప్పుడు తప్పేవి. మెమరీని అనుమానించాను, కంపైలరును అనుమానించాను. చివరికి ఒకటి నుంచి పది లక్షల దాకా అంకెలు కూడే లూపును మళ్లీ మళ్లీ నడిపిస్తే, జవాబు 5,00,00,05,00,000 రావాల్సిన చోట కొన్నిసార్లు వేరే సంఖ్య వచ్చింది. టైమర్ ఆపితే ప్రతిసారీ సరైన జవాబే. ఆ పరీక్షను ఇప్పటికీ తీసివేయలేదు. మీరూ మొదటి రోజే పెట్టుకోండి.

మూడో మెట్టు: వరుస తప్పకుండా తెరవండి

పోల్చే రిజిస్టరు ఎంటైమ్‌కంప్, బేస్ నుంచి హెక్సా 4000 దూరంలో ఉంటుంది. ప్రతి హార్ట్‌కూ (ప్రాసెసర్‌లో విడిగా కోడు నడిపే భాగానికి) ఒకటి, 8 బైట్ల ఎడంతో. ఎంటైమ్ విలువ దీన్ని చేరుకున్నా, దాటినా టైమర్ ఇంటరప్ట్ పెండింగ్‌లోకి వస్తుంది.

తెరిచే వరుస ఇది. ముందు ఎంటైమ్‌కంప్‌లో భవిష్యత్తు విలువ రాయాలి. రీసెట్ అయిన వెంటనే అందులో ఏముంటుందో ప్రమాణ పత్రం హామీ ఇవ్వదు. తర్వాత ఎంటివెక్. తర్వాత టైమర్ ఇంటరప్టును అనుమతించే, ఎంఐఈలోని 7వ బిట్. అన్నీ అయ్యాక చివరగా మొత్తం ఇంటరప్టులకు దారి తెరిచే, ఎంస్టేటస్‌లోని 3వ బిట్. వీధి తలుపు ఆఖరున తెరవాలి, అతిథి వచ్చేసరికి లోపల కుర్చీ వేసి ఉండాలి.

ఎన్నిసార్లు టిక్ కావాలి? సెకనుకు 100తో మొదలుపెట్టండి. లినక్స్ కూడా 32 బిట్ల పీసీల మీద చాలాకాలం 100తోనే నడిచింది, 2.6 కూర్పులో 1000కి వెళ్లింది, 2005లో 2.6.13 నాటికి 250ని సాధారణ విలువగా పెట్టుకుంది. ఎక్కువ టిక్‌లు అంటే స్పందన చురుగ్గా ఉంటుంది, ఊరికే పోయే శ్రమ కూడా పెరుగుతుంది. 10 మెగాహెర్ట్జ్ కౌంటరు మీద 100 టిక్‌లకు వ్యవధి 1,00,000 లెక్కలు.

నాలుగో మెట్టు: తర్వాతి టిక్‌ను ఎలా నిర్ణయిస్తారు?

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రిస్క్-ఫైవ్ టైమర్‌కు "అందింది" అని విడిగా చెప్పే రిజిస్టరు లేదు. పెండింగ్ బిట్‌ను సాఫ్ట్‌వేర్ నేరుగా చెరపలేదు. ఎంటైమ్‌కంప్‌లో ఇంకా రాని కాలాన్ని రాస్తేనే అది దిగుతుంది. రాయకుండా ఎంరెట్ చేస్తే అదే ఇంటరప్ట్ వెంటనే మళ్లీ వస్తుంది. అసలు కోడు అంగుళం కదలదు. బయటి నుంచి చూస్తే యంత్రం బిగుసుకుపోయినట్లు కనిపిస్తుంది, నిజానికి ప్రాసెసర్ ఊపిరి సలపకుండా హ్యాండ్లర్‌లో తిరుగుతుంటుంది. రాసిన తర్వాత కూడా పెండింగ్ బిట్ దిగడానికి క్షణం పట్టవచ్చు. అందువల్ల అప్పుడప్పుడు ఒక అదనపు ఇంటరప్ట్ రావచ్చు. హ్యాండ్లర్ లోపలికి రాగానే "నిజంగా గడువు దాటిందా?" అని కౌంటరును చూసి, దాటకపోతే ఊరకే తిరిగి వెళితే చాలు.

ఇక ఏ విలువ రాయాలి? మనసుకు మొదట తోచేది: ఇప్పటి ఎంటైమ్ చదివి, దానికి వ్యవధి కలిపి రాయడం. పని చేస్తుంది. కానీ ఇంటరప్ట్ గడువు నుంచి మీరు కౌంటరు చదివే దాకా కొంత కాలం గడిచిపోయి ఉంటుంది. రిజిస్టర్లు దాచడానికి, ఎంకాజ్ చూడడానికి, ఒక్కోసారి ఇంటరప్టులు మూసి ఉన్న భాగం ముగియడానికి. ఆ ఆలస్యం 3 మైక్రోసెకన్లు అనుకుందాం. సెకనుకు 100 టిక్‌లకు 300 మైక్రోసెకన్లు. రోజు తిరిగేసరికి దాదాపు 26 సెకన్లు. మీ టిక్‌ల లెక్క అంత వెనకబడుతుంది, అదీ పని ఒత్తిడిని బట్టి రోజుకో రకంగా.

సరైన పద్ధతి, పాత గడువుకే వ్యవధి కలపడం. హ్యాండ్లర్ ఎంత ఆలస్యంగా వచ్చినా తర్వాతి గడువు దాని స్థానంలోనే ఉంటుంది. ఆలస్యం ఆ ఒక్క టిక్‌కే పరిమితం, పోగుపడదు.

దీనిలోనూ ఒక గుంట ఉంది. డీబగ్గర్‌తో యంత్రాన్ని పది సెకన్లు ఆపి, తర్వాత వదిలారనుకోండి. ఆ పది సెకన్లలో కౌంటరు కూడా నడిచి ఉంటే పాత గడువుకు వ్యవధి కలిపినా అది గతంలోనే ఉంటుంది. వెయ్యి ఇంటరప్టులు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. అందుకే కలిపిన విలువ ఇప్పటి కౌంటరు కంటే వెనక ఉంటే, తేడాను వ్యవధితో భాగించి ఎన్ని గడువులు తప్పాయో లెక్కించండి. అన్నిటినీ ఒకేసారి దాటి, భవిష్యత్తులోని మొదటి గడువును రాయండి. తప్పిన సంఖ్యను పారేయకండి, షెడ్యూలర్ (ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే భాగం) లెక్కలకు అది కావాలి.

32 బిట్ల ప్రాసెసర్ మీద ఎంటైమ్‌కంప్‌ను రెండు ముక్కలుగా రాసేటప్పుడు మధ్యలో పొరపాటు గడువు పుట్టకూడదు. కింది సగంలో అన్నీ 1లు రాయండి, తర్వాత పై సగంలో కొత్త విలువ, చివరగా కింది సగంలో కొత్త విలువ.

ఐదో మెట్టు: సమయాన్ని కౌంటరునే అడగండి

"యంత్రం మొదలై ఎంతసేపైంది?" అనే ప్రశ్నకు జవాబు ఎంటైమ్ ఇప్పటి విలువ నుంచి మొదటి విలువ తీసివేసి, వేగంతో భాగించగా వచ్చేది. టిక్‌ల సంఖ్యను వ్యవధితో గుణించి చెప్పకండి. టిక్ తప్పిపోవచ్చు, ఆలస్యం కావచ్చు, రేపు మీరే టిక్ వేగం మార్చవచ్చు. ఇవేవీ కౌంటరును తాకవు. 10 మెగాహెర్ట్జ్ వేగంతో 64 బిట్ల కౌంటరు నిండి మళ్లీ సున్నాకు రావడానికి 58 వేల సంవత్సరాలకు పైగా పడుతుంది.

భాగాహారం దగ్గర మాత్రం జాగ్రత్త. నానోసెకన్ల కోసం కౌంటరును వంద కోట్లతో గుణించి తర్వాత వేగంతో భాగిస్తే, 10 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 30 నిమిషాల 44 సెకన్లకు గుణకారం 64 బిట్లు దాటిపోతుంది. అరగంట లోపు పరీక్షలన్నీ సాఫీగా పోతాయి, ఆ తర్వాత కాలం వెనక్కి దూకుతుంది. ముందు వేగంతో భాగించి సెకన్లు, శేషం వేరుచేయండి. శేషాన్ని మాత్రమే వంద కోట్లతో గుణించి వేగంతో భాగించి, సెకన్ల వంతుకు కలపండి.

దశాంశ భిన్నాలను పోగుచేయవద్దని కూడా చెప్పాలి. సెకనులో పదో వంతును ద్వియాంశంలో కచ్చితంగా రాయలేం. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని పదో వంతు సెకన్లలో లెక్కపెట్టి, 24 బిట్లకు కుదించిన ఆ భిన్నంతో గుణించింది. దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచాక తేడా 0.34 సెకన్లకు చేరింది. వస్తున్న స్కడ్ క్షిపణిని అది పట్టుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. గడియారం లెక్కను అశ్రద్ధగా రాయబోయినప్పుడు నాకు ఈ సంఘటన గుర్తుకొస్తుంది. పూర్ణాంకాలు ఉంచుకోండి, మార్పిడిని చూపించే చోట మాత్రమే చేయండి.

టిక్‌ల సంఖ్యను వేరే అవసరాలకు ఉంచుకున్నా, 32 బిట్లలో ఉంచితే సెకనుకు 1000 టిక్‌ల వేగంతో 49.7 రోజులకు అది చుట్టు తిరుగుతుంది. రెండు విలువలను నేరుగా పెద్దది, చిన్నది అని పోల్చకుండా, తీసివేసి వచ్చిన తేడాను గుర్తు ఉన్న సంఖ్యగా చూడండి. లినక్స్‌లో టిక్‌ల లెక్క చుట్టు తిరిగే క్షణానికి ఐదు నిమిషాల ముందు విలువతో మొదలవుతుంది, ఈ తరహా తప్పులు నెలల తర్వాత కాకుండా ఐదు నిమిషాల్లోనే బయటపడాలని. మీ కెర్నెల్‌లోనూ అలాగే చేయండి.

ఆరో మెట్టు: హ్యాండ్లర్‌లో ఏమి చేయకూడదు

ముద్రించకూడదు. సెకనుకు 1,15,200 బిట్ల సీరియల్ తీగ మీద ఒక అక్షరానికి 10 బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. ఇరవై అక్షరాల పంక్తికి 1.7 మిల్లీసెకన్లు. టిక్ వేగం 1000 అయితే పంక్తి పూర్తికాకముందే తర్వాతి గడువు దాటిపోతుంది. క్యూఎమ్యూలో ఇది కనిపించదు, అక్కడ అక్షరాలు దాదాపు తక్షణమే వెళ్లిపోతాయి. బోర్డు మీద పెట్టగానే అంతా స్తంభిస్తుంది.

తాళం (పంచుకునే డేటాను ఒకేసారి ఒకరే వాడేలా చూసే లాక్) దగ్గర హ్యాండ్లర్ ఎదురుచూడకూడదు. ప్రధాన కోడు ఒక తాళం పట్టుకుని ఉండగా అదే హార్ట్ మీద ఇంటరప్ట్ వచ్చి, హ్యాండ్లర్ అదే తాళం కోసం తిరుగుతూ నిలబడితే, తాళం వదలాల్సిన కోడు ఇక ఎన్నటికీ నడవదు. హ్యాండ్లర్‌తో పంచుకునే ప్రతి తాళాన్ని తీసుకునే ముందు ఆ హార్ట్ మీద ఇంటరప్టులు మూయండి. మూసినవి ఎన్ని అంచెలో లెక్కపెట్టుకోండి, లోపలి తాళం వదిలినప్పుడే తెరుచుకుంటే రక్షణ పోతుంది.

పని మార్పిడిని హ్యాండ్లర్ నడుమ చేయకుండా "మార్చాలి" అని ఒక గుర్తు పెట్టి, ట్రాప్ నుంచి బయటికి వెళ్లే దారిలో చూడండి. హార్ట్‌లు ఎక్కువైతే ఉమ్మడి టిక్ సంఖ్యను ఒక్క హార్ట్ మాత్రమే పెంచాలి, లేకపోతే నాలుగు హార్ట్‌ల యంత్రంలో నాలుగు రెట్ల వేగంతో పెరుగుతుంది.

ఏడో మెట్టు: నిద్ర

నిద్రపోయే పనులను మేలుకోవాల్సిన కౌంటరు విలువ ప్రకారం వరుసగా పెట్టుకోండి. మొదట్లో మామూలు జాబితా చాలు. వేల టైమర్లు వచ్చినప్పుడు జార్జ్ వర్గీస్, టోనీ లాక్ 1987లో వివరించిన టైమర్ చక్రం గురించి చదవండి.

పనేమీ లేనప్పుడు ప్రాసెసర్‌ను, ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగమనే డబ్ల్యూఎఫ్‌ఐ సూచనతో నిలపాలి. "పని ఉందా?" అని చూసి, లేదని తేలాక, డబ్ల్యూఎఫ్‌ఐకి చేరేలోపు ఇంటరప్ట్ వచ్చి పని పెట్టి వెళ్లిపోతే, ఆ పనిని వదిలేసి నిద్రపోతారు. రిస్క్-ఫైవ్‌లో దీనికి చక్కటి మార్గం ఉంది. ఎంస్టేటస్‌లో ఇంటరప్టులు మూసి ఉన్నా, ఎంఐఈలో టైమర్ బిట్ తెరిచి ఉంటే, పెండింగ్ రాగానే డబ్ల్యూఎఫ్‌ఐ మేలుకుంటుంది. కాబట్టి మూయండి, పని ఉందేమో చూడండి, లేకపోతే డబ్ల్యూఎఫ్‌ఐ, లేచాక తెరవండి.

ఇక్కడికి వచ్చాక ఖాళీగా ఉన్నప్పుడు సెకనుకు వందసార్లు లేవాల్సిన అవసరం ఏముందన్న ప్రశ్న సహజం. జాబితాలో అన్నిటికంటే దగ్గరి గడువునే ఎంటైమ్‌కంప్‌లో రాసి పడుకోవచ్చు. లినక్స్ ఈ పద్ధతికి 2007లో 2.6.21తో వచ్చింది. సమయాన్ని కౌంటరు నుంచి చదివే కెర్నెల్‌కు ఈ మార్పు కొద్ది పంక్తుల పని. టిక్‌లు లెక్కపెట్టే కెర్నెల్‌ను దీనికోసం సగం తిరగరాయాలి.

పాత పీసీ మీద ప్రయత్నించేవారికి

8254 టైమర్ సెకనుకు 11,93,182 లెక్కలతో నడుస్తుంది. అమెరికా రంగుల టీవీ పౌనఃపున్యం నుంచి వచ్చిన వింత సంఖ్య అది. 1000 టిక్‌ల కోసం 1193 రాస్తే వచ్చేది సెకనుకు 1000.15. టిక్‌ను మిల్లీసెకను అనుకుంటే రోజుకు 13 సెకన్లు ముందుకు పోతారు. 8259 ఇంటరప్ట్ కంట్రోలర్‌ను కదపకుండా వదిలితే టైమర్ 8వ వెక్టరు (ఏ హ్యాండ్లర్ నడవాలో చెప్పే సంఖ్య) మీద దిగుతుంది. ప్రొటెక్టెడ్ మోడ్‌లో అది డబుల్ ఫాల్ట్ స్థానం కనుక 32వ వెక్టరుకు మార్చుకోండి. ప్రతి ఇంటరప్ట్ చివర హెక్సా 20 పోర్టులో హెక్సా 20 విలువ రాయకపోతే రెండో టిక్ రాదు. మొదటి టిక్ వచ్చి ఆగిపోయిందని ఎవరు చెప్పినా ముందు ఇదే చూడమంటాను.

పరీక్షలు

కూడిక లూపును టిక్‌లు నడుస్తుండగా పది నిమిషాలు తిప్పండి, ఒక్క తప్పు జవాబు కూడా రాకూడదు. డీబగ్గర్‌తో అర నిమిషం ఆపి వదలండి, ఇంటరప్టుల వరద రాకూడదు. హ్యాండ్లర్‌లో కావాలని 2 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టి చూడండి, గడువుల మధ్య సగటు వ్యవధి మారకూడదు. ఆ ఆలస్యం తీసేసి, గడియారాన్ని నిమిషానికి ఒకసారి ముద్రించేలా పెట్టి, రాత్రి పడుకునే ముందు వదిలేయండి. పొద్దున లేచాక మొదటి పంక్తికీ చివరి పంక్తికీ మధ్య తేడాను ఫోనులోని సమయంతో సరిపోల్చి, వచ్చిన అంకెను కమిట్ సందేశంలో రాసి పెట్టండి.